గుడియాత్తము సంతయు మన బిడ్డల లెక్కలును

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో ప్రధానోపాధ్యాయుడు ఉత్తీర్ణుల సంఖ్యయు, మరమ్మతుల ఖర్చును చదివి కూర్చుండుట ఆచారము. అవి యన్నియు నివేదికయందు అచ్చయియున్నవి గనుక నేడు మేము వేరొక మాట విన్నవింపదలచితిమి. కొన్ని నెలల క్రిందట ఒక తండ్రి మా గదికి వచ్చి, "సంతలో నాలుగు వారాలు తిరిగితే లెక్కలు వాడికే వచ్చేస్తాయి, బడికి పంపి ఏం చేసేది అయ్యవారూ?" అని యడిగెను. ఆ దినమున మాకు తగిన సమాధానము తోచలేదు. ఈ ప్రసంగము ఆయనకు మేము ఆలస్యముగా నిచ్చు ప్రత్యుత్తర మనుకొనుడు.

మన గుడియాత్తము కౌండిన్యనది యొడ్డున నున్నది. ఆ యేరు పలమనేరు కొండలలో పుట్టి, మోర్ధానా జలాశయమును దాటి, మన వీథుల ప్రక్కగా పారి పాలారులో కలియును. నీరు వచ్చిన దిక్కునుండియే సరకును వచ్చును. కొండ మీదినుండి టొమాటో, చింతపండు, కూరగాయలు దిగును. ఇక్కడి బట్ట, అగ్గిపెట్టెలు, బీడీలు పైకెక్కును. 1911వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడువరకు పలమనేరును, గుడియాత్తమును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. పిదప జిల్లా వేరైనది, 1953లో రాష్ట్రమే వేరైనది. సంతకు వచ్చెడివారు మాత్రము మానలేదు. వైకాశి మాసము మొదటి దినమున జరుగు గంగమ్మ శిరస్సు ఉత్సవమునకు వచ్చు జనములో ఎందరు తెలుగు మాటలాడుదురో మీరు ప్రతి యేడును వినుచునే యున్నారు. ఆ యొక్క దినపు అమ్మకముతో అప్పులు తీర్చుకొను చిన్న అంగళ్ళవారు మనలోనే కలరు.

ఇక సంతల సంగతి. సోమవారము కె.వి. కుప్పములో గొఱ్ఱెలు, మేకలు. మంగళవారము పొయిగైలో పశువులు. మేము ఒక సెలవు దినమున పొయిగై సంతకు పోయి, ఉదయమంతయు నిలుచుండి చూచితిమి. ఆంధ్రమునుండి వచ్చిన యొక రైతును, ఈ ప్రాంతపు తరగరియు చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకొని బేర మాడుచుండిరి. ఒక్కొక్క వ్రేలికి ఒక్కొక్క విలువ. నోట మాట లేదు. ప్రక్కవానికి ధర తెలియదు. ఆ తువ్వాలు క్రింద తమిళమును లేదు, తెలుగును లేదు. అడిగిన తండ్రి చెప్పినది ఇంతవరకు నిజమే. ఆ రైతు ఏ బడిలోను కూర్చుండినట్లు తోచలేదు గాని, అతని వ్రేళ్ళు మా మొదటి తరగతి విద్యార్థులకంటె చురుకుగా లెక్క చేసినవి.

అయితే ఆవును అమ్మినవాడు సొమ్ము చేతబట్టుకొని ఆ పూటనే ఇల్లు చేరును. మన యూరిలో నూటికి ఎంతమంది అట్లు బ్రదుకుచున్నారు? ఇక్కడ బ్రదుకు తువ్వాలు క్రింద లేదు, చీటీలో నున్నది.

నేత పనివారిని చూడుడు. గుడియాత్తము లుంగీకి పేరున్నది. 1985వ సంవత్సరపు చట్టము క్రింద చేమగ్గములకు ప్రత్యేకించిన వస్తువులలో లుంగీ కలదు. అయినను మరమగ్గపు చప్పుడు ఏ వీథిలో వినబడదో చెప్పుడు. సావుకారు నూలు ఇచ్చును, కొంత సొమ్ము ముందుగా నిచ్చును. పడుగు దిగిన పిమ్మట కూలిలో దానిని పట్టుకొనును. బీడీ చుట్టు తల్లుల సంగతియు నంతే. ఆకు తూకముగా వచ్చును, బీడీలు వేయి చొప్పున పోవును; పనికిరావని తీసివేసినవి, ఆకులో వచ్చిన తరుగు, ముందు పుచ్చుకొన్న అడ్వాన్సు అన్నియు ఒక చీటీలో చేరును. అగ్గిపెట్టెల పని మరి యొకటి. మన యూరికి చిన్న శివకాశి యను పేరు తెచ్చిన పని యిది. 2007నుండి ఒక్క రూపాయిగా నున్న పెట్టె ధర 2021 డిసెంబరులో రెండు రూపాయలైనది. ధర రెట్టింపైనపుడు కూలి ఎంత పెరిగినదో పెట్టెలు నింపు మన యక్కలను అడుగుడు.

మేము ఉపాధ్యాయులముగా చేరిన కొత్తలో అడ్వాన్సుకు ప్రతిగా పిల్లవానినే బీడీ పనికి ఒప్పగించిన యిండ్లను చూచితిమి. 1986లోనే బాలకార్మిక నిషేధ చట్టము వచ్చియున్నది గాని, చట్టము ఆ చీటీని చించలేదు. నేడు అట్టివి మునుపటంతగా లేవు. చీటీ మాత్రము ఉన్నది.

ఇపుడు ఒక చీటీ కథ. గత సంవత్సరము ఒక తల్లి తన కూతురిచేత ఒక కాగితము మాకు పంపెను. ఆమె ఆరువేల రూపాయలు అడ్వాన్సు పుచ్చుకొనియుండెను. వారమునకు నూటయేబది చొప్పున కూలిలో పట్టుచుండిరి. పదునాలుగు వారములు గడచిన పిమ్మట బాకీ 4,650 అని వ్రాసియుండిరి. చీటీ తమిళమున నున్నది. తల్లికి తమిళము మాటలాడుట వచ్చును, చదువుట రాదు, తెలుగును చదువలేదు. ఆరవ తరగతి చదువు ఆ బిడ్డ మా యెదుటనే కూర్చుండి, తమిళపు చీటీ చదివి, తెలుగులో గొణుగుకొనుచు, 2,100 పోగా 3,900 మాత్రమే ఉండవలెనని తేల్చెను. ఐదు వారముల జమ, అనగా 750 రూపాయలు, పద్దులో ఎక్కలేదు. మోసమో మరుపో మేము చెప్పజాలము. మరునాడు తల్లియు కూతురును పోయి చూపగా గుమాస్తా మారుమాటాడక దిద్దెనట.

ఆ తండ్రికి మేము చెప్పవలసినది ఇదియే. సంత కూడికలు నేర్పును. వ్రాసిన పద్దును తప్పుపట్టుట నేర్పదు.

ఈ చీటీల సంగతి మన యూరికి మాత్రమే చెందినది కాదు. స్పెయిను దేశమున మెదీనా దెల్ కాంపో అను చిన్న పట్టణ మున్నది. నన్నూరు, ఐదువందల యేండ్ల క్రిందట అచ్చట మే, అక్టోబరు మాసములలో గొప్ప సంతలు సాగెడివి. ఉన్నితో మొదలైన ఆ సంత క్రమముగా చీటీల సంతయైనది. ఏ దేశపు వర్తకుడు ఎవరికి ఎంత ఈయవలెనో వ్రాసిన హుండీలు అచ్చట చెల్లుబాటగుచుండెను. సిమోన్ రూయీజ్ అను వర్తకుని ఉత్తరములు వేలకొలదిగా నేటికిని భద్రముగా నున్నవి. అవి స్పానిష్‌లోనే గాక పోర్చుగీసు, ఇటాలియన్, ఫ్రెంచి భాషలలోను ఉన్నవి. ఆయన కొలువులోని గుమాస్తాకు ఒక్క భాషతో పని సాగియుండదు. తరువాత రాజు తన బాకీలు తీర్చజాలక చేతులెత్తుటవలనను, ఇతర కారణములవలనను ఆ సంతలు క్షీణించినవి. ఆ పట్టణమున నేటికిని ఆదివారము అంగళ్ళు తెరచి, గురువారము మూయు అలవాటు మాత్రము మిగిలినదట.

మరల మన సంగతికి వత్తము. 2006వ సంవత్సరపు చట్టముతో తమిళము మన బిడ్డలకును బడి పాఠమైనది. అల్పసంఖ్యాక భాషా విద్యార్థుల పరీక్షా మినహాయింపును గూర్చి న్యాయస్థానములలో జరిగినది మీ రెరుగుదురు. ఆ వాదములు వేరు. తమిళము చదువవలెను, చీటీ తమిళమున వచ్చును గదా. ఇక, "తమిళమే చాలునప్పుడు తెలుగేల?" యని కొందరు బిడ్డలను తెలుగు తరగతినుండి మార్పించుకొన్నారు. వారిని మేము నిందింపము. వారి భయము కూటికి సంబంధించినది. కాని ఆ బిడ్డ లెక్కను గొణిగినది ఏ భాషలోనో మేము చెవులార వింటిమి. పలమనేరు రైతు మండీలో నిలుచుండి తన పద్దు చదివి చెప్పువానికై వెదకునది ఏ భాషవానినో మండీవారిని అడిగినచో చెప్పుదురు.

ఈ సంవత్సరమునుండి ప్రతి శనివారము మధ్యాహ్నము ఆరవ తరగతి మొదలు పై తరగతులకు పద్దు తరగతి నడపదలచితిమి. పుస్తకము లేదు. మీ యిండ్లలోని చీటీలే పుస్తకము. నేత పద్దు, బీడీ పాసుపుస్తకము, మండీ రసీదు, పాల లెక్క, ఏదైనను సరే, పేరు కనబడకుండ మడిచి పంపుడు. ఆ సాయంకాలమే తిరిగి పంపుదుము. మంగళవారము సంతకని బిడ్డను ఆపుకొను తల్లిదండ్రులకు ఒక విన్నపము: ఆ దినము మానక తప్పనిచో సంతలో ఏమి కొంటిరో, ఏమి అమ్మితిరో బిడ్డచేత తమిళమున నొక ప్రక్క, తెలుగున నొక ప్రక్క వ్రాయించి బుధవారము పంపుడు. హాజరు పట్టీలో మేము దానిని లెక్కింపలేము గాని, తరగతిలో లెక్కింతుము. మొదటి తరగతి వచ్చు శనివారము రెండు గంటలకు.