కోషర్, హలాల్: రెండు మతాల ఆహార నియమాలు

మన సరిహద్దు ఊళ్ళలో ఇద్దరు ఎదురుపడితే మొదట పుట్టే మాట భోజనం గురించే. మనం "బోంచేశారా?" అంటాం. పక్కింటివారు కన్నడిగులైతే "ఊట ఆయ్తా?" అంటారు, తమిళులైతే "సాప్టీంగళా?" అంటారు. అడగడం తేలికే గాని, ఒకరింట ఒకరు కూర్చుని తినడం అంత తేలిక కాదు. ఏది తినవచ్చు, ఎవరు వండింది తినవచ్చు, ఏ గిన్నెలో వండింది తినవచ్చు అనే లెక్కలు మనందరికీ ఉన్నాయి. ఇటువంటి లెక్కలనే చాలా వివరంగా వ్రాసి పెట్టుకున్న రెండు మతాలు పశ్చిమాసియాలో పుట్టాయి. ఒకటి యూదు మతం, రెండవది ఇస్లాం. ఈ రెంటి ఆహార నియమాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

2022లో ఉగాది మర్నాడు వచ్చే హొసతొడకు పండుగ వేళ కర్ణాటకలో హలాల్ మాంసం మీద పెద్ద వివాదం లేచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మా తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "టీచర్, హలాల్ అంటే మంత్రించిన మాంసమా?" అని అడిగాడు. పెద్దవాళ్ళలో కూడా చాలామందికి అంతకు మించి తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. నిజానికి హలాల్ అంటే అరబ్బీలో "అనుమతి ఉన్నది" అని అర్థం. దానికి ఎదురుమాట హరామ్. యూదుల హిబ్రూ మాట కోషర్‌కు "తగినది" అని అర్థం. రెండు మాటలూ మాంసం కొట్టుకే పరిమితం కావు. న్యాయంగా సంపాదించిన రూపాయి కూడా హలాలే. తప్పు లేకుండా వ్రాసిన ధర్మగ్రంథపు చుట్ట కూడా కోషరే.

ముందుగా కలిసే చోట్లు చూద్దాం. పంది మాంసం ఇద్దరికీ నిషిద్ధం. రక్తం నిషిద్ధం. తనంతట తాను చచ్చిన జంతువు నిషిద్ధం. గొంతు కోసి రక్తం పోనిచ్చాకే మాంసం తినాలి. కోసేటప్పుడు దేవుణ్ణి తలచుకోవాలి. యూదుల నియమాలకు ఆధారం బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండము 11వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం. ముస్లింల నియమాలకు ఆధారం ఖురాన్. అందులోని 5వ అధ్యాయం పేరు మాయిదా. మాయిదా అంటే వడ్డించి పెట్టిన భోజనం అని అర్థం.

ఇక తేడాలకు వద్దాం. యూదుల శాస్త్రం జంతువులకు రెండు గుర్తులు పెట్టింది. గిట్ట చీలి ఉండాలి, నెమరు వేయాలి. రెండూ ఉంటేనే తినదగినది. ఆవు, మేక, గొర్రె, జింక ఈ పరీక్షలో నెగ్గుతాయి. పందికి గిట్ట చీలి ఉంటుంది గాని అది నెమరు వేయదు. ఒంటె నెమరు వేస్తుంది గాని దాని గిట్టను చీలినదిగా ఎంచరు. కనుక యూదులకు పంది ఎంత నిషిద్ధమో ఒంటె కూడా అంతే నిషిద్ధం. ముస్లింలకు ఒంటె ఆహారమూ అవుతుంది, ఖుర్బానీ కూడా అవుతుంది. కుందేలు యూదులకు పనికిరాదు, సున్నీలకు పనికివస్తుంది, షియాలకు పనికిరాదు. ఖురాన్ 6వ అధ్యాయం ఈ తేడాను తానే ప్రస్తావిస్తుంది. కొన్ని జంతువులు, ఆవు మేకల కొవ్వు యూదులకు ప్రత్యేకంగా నిషేధింపబడ్డాయని, అది వారికి మాత్రమే వర్తించే కట్టడి అని అందులో ఉంది. అంటే ఇస్లాం తన పొరుగువారి నియమాలు తెలిసే తన జాబితాను కుదించుకున్నది.

చేపల దగ్గర మరీ తమాషా. యూదులకు రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేప మాత్రమే కోషర్. మన చెరువుల లెక్కలో చెప్పాలంటే శీలావతి, బొచ్చె, కొరమీను సరే. పొలుసు లేని వాలుగ, జెల్ల కుదరవు. రొయ్య, పీత అసలే కుదరవు. ముస్లింలలో ఒకే మాట లేదు. కొంకణ, కేరళ తీరాలలో ఎక్కువగా ఉండే షాఫయీ సంప్రదాయం వారు సముద్రంలో దొరికేవాటిని దాదాపు అన్నిటినీ అనుమతిస్తారు. మన దక్కను ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. వారు చేపను మాత్రమే ఒప్పుకుంటారు. మరి రొయ్య చేప అవునా, కాదా? దీని మీద పండితులు తరతరాలుగా వాదించుకుంటున్నారు. 2018లో హైదరాబాదులోని జామియా నిజామియా రొయ్య చేప కాదు గనుక తినరాదని ఫత్వా ఇస్తే, రొయ్యల కూర ఇష్టమున్నవారు బాగా నొచ్చుకున్నారు. షియాలు మాత్రం యూదుల లాగే చేపకు పొలుసు ఉండాలంటారు, అయినా రొయ్యను ఒప్పుకుంటారు. కాస్పియన్ సముద్రంలో స్టర్జన్ అనే చేప ఉంది. దాని గుడ్లు ప్రపంచంలో చాలా ఖరీదైనవి. పొలుసు లేదన్న కారణంతో ఇరాన్‌లో దాన్ని హరామ్‌గా ఎంచేవారు. చివరికి దాని ఒంటి మీద ఒకచోట పొలుసులు ఉన్నాయని నిపుణులు తేల్చాక, 1983లో ఖొమైనీ అది హలాలేనని తీర్పు ఇచ్చారు.

యూదుల వంటింట్లో అన్నిటికన్నా పెద్ద నియమం మరొకటి ఉంది. పిల్లను దాని తల్లి పాలలో ఉడికించరాదని తోరాలో మూడుచోట్ల ఉంది. ఆ ఒక్క వాక్యం నుండి ధర్మవేత్తలు మాంసం, పాలు కలవకూడదన్న పెద్ద వ్యవస్థను కట్టారు. రెంటినీ కలిపి వండరాదు, కలిపి తినరాదు. మాంసం తిన్న తరువాత పాల పదార్థం ముట్టడానికి చాలామంది 6 గంటలు ఆగుతారు, కొన్ని దేశాల వారు 3 గంటలు ఆగుతారు. గిన్నెలు, గరిటెలు, పళ్ళేలు, చివరికి గిన్నెలు తోమే పీచు కూడా వేరువేరు. మడి గిన్నెలు, మైల గిన్నెలు వేరుగా పెట్టే ఇళ్ళలో పెరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అయితే అక్కడ పాలూ శుద్ధమే, మాంసమూ శుద్ధమే. రెండూ కలిస్తేనే దోషం.

ఇస్లాంలో ఈ నియమం లేనే లేదు. అందువల్ల మన హైదరాబాదు బిర్యానీని తీసుకోండి. మాంసాన్ని పెరుగులో నానబెట్టందే అది బిర్యానీ కాదు. హలీంలో నెయ్యి పోయందే రుచి రాదు. ఈ రెండూ నిక్షేపంగా హలాల్. ఎంత శాస్త్రోక్తంగా కోసిన మాంసంతో చేసినా కోషర్ మాత్రం కావు. కొంకణంలో ఉన్న బెనె ఇజ్రాయెల్ యూదులు, కొచ్చిన్ యూదులు దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. మాంసం కూర చిక్కబడడానికి పెరుగుకు బదులు కొబ్బరిపాలు పోశారు. కొబ్బరిపాలు పేరుకే పాలు గదా! ఈ బెనె ఇజ్రాయెల్ వారు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం సబ్బాతు గనుక ఆ రోజు పని చేసేవారు కారు. అందుకని మరాఠీ పల్లెల్లో వారికి శనివార్ తేలీలు అని పేరు వచ్చింది.

ఇప్పుడు కోత సంగతి. ఇద్దరిదీ గొంతు మీద పదునైన కత్తితో చకచకా కోసే పద్ధతే. కాని ఎవరు కోయాలి అన్నచోట తేడా ఉంది. యూదులలో షోహెట్ అనే శిక్షణ పొందిన వ్యక్తే కోయాలి. అతడు శాస్త్రం చదవాలి, పరీక్షలో నెగ్గాలి. కోతకు ముందు కత్తి అంచు మీద గోరు నడిపి చూస్తాడు. వెంట్రుకంత గంటు తగిలినా ఆ కత్తి పనికిరాదు. కోసిన తరువాత ఊపిరితిత్తులు పరీక్షిస్తాడు. జబ్బు గుర్తులు కనిపిస్తే ఆ జంతువు కోషర్ కాదు. తొడలోని పెద్ద నరం తీసివేయాలి. యాకోబు ఒక రాత్రి దైవపురుషుడితో పెనుగులాడి తుంటి దగ్గర దెబ్బ తిన్నాడని ఆదికాండములో కథ ఉంది. ఆ జ్ఞాపకంగా ఇశ్రాయేలీయులు ఆ నరాన్ని తినరు. దాన్ని తీయడం కష్టమైన పని కనుక చాలా దేశాలలో వెనుక భాగాన్ని ఇతరులకు అమ్మివేస్తారు. ఇంతటితో అయిపోలేదు. మాంసాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, కడిగి, మిగిలిన రక్తాన్ని లాగివేయాలి. కాలేయంలో రక్తం ఎక్కువ గనుక దాన్ని నిప్పుల మీద కాల్చాలి. కోడిగుడ్డులో రక్తపు చుక్క కనిపించినా పారవేస్తారు.

ముస్లింలలో ఇంత తతంగం లేదు. విశ్వాసం, బుద్ధి, కోసే నేర్పు ఉంటే చాలు. ఆడవారు కూడా కోయవచ్చు. "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అని ప్రతి జంతువుకూ పేరుపేరునా దేవుణ్ణి తలుస్తారు. షోహెట్ తన పని మొదలుపెట్టే ముందు ఒకసారి స్తోత్రం చెప్పుకుంటే సరిపోతుంది. కారే రక్తమే ముస్లింలకు హరామ్. కండలో మిగిలిన తడి గురించి పట్టింపు లేదు, ఉప్పు పట్టించే పని లేదు. మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. బిస్మిల్లా అంటే "దేవుని పేరుతో" అని. ప్రాణం తీసే హక్కు నాది కాదు, ఇచ్చినవాడి పేరు మీద తీస్తున్నాను అన్న ఒప్పుకోలు అది. మాంసంలోకి ఏదో ఎక్కించే మంత్రం కాదు. మన పల్లెల్లో చాలాచోట్ల పెళ్ళికి, దేవరకు వేట కోయాలంటే ముల్లా సాయిబును పిలిచి కోయించడం ఆనవాయితీగా ఉండేది. షోలాపూరు వైపు మనవాళ్ళు ఆయన్నే ములానీ అంటారు. అప్పుడెవరూ ఆ మాటకు ఉలిక్కిపడలేదు.

మద్యం దగ్గర తూకం తిరగబడుతుంది. ముస్లింలకు మత్తు కలిగించేది ఏదైనా హరామ్. యూదులు సబ్బాతు రాత్రి భోజనాన్ని ద్రాక్షసారా గిన్నె చేతపట్టి ఆశీర్వచనంతో ప్రారంభిస్తారు. అయితే ఆ ద్రాక్షసారా తయారీ కూడా ధర్మం పాటించే యూదుల చేతుల మీదుగానే జరగాలి.

మరి ఒకరింట ఒకరు తినవచ్చునా? నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచినది ఇదే. ఖురాన్ 5వ అధ్యాయం గ్రంథప్రజల, అంటే యూదుల, క్రైస్తవుల ఆహారం ముస్లింలకు ధర్మసమ్మతమని చెబుతుంది. షియా పండితులు దీన్ని ధాన్యం వంటివాటికే పరిమితం చేస్తారు. సున్నీ పండితులలో ఎక్కువమంది మాంసానికి కూడా వర్తింపజేస్తారు. అందుకే పాశ్చాత్య దేశాలలో హలాల్ కొట్టు దొరకని చోట ముస్లింలు కోషర్ మాంసం కొనుక్కుంటారు. యూదుల వైపు నుండి ఈ దారి మూసి ఉంది. ముస్లిం కోసిన మాంసం ఎంత చక్కగా కోసినా కోషర్ కాదు. నా ఉద్దేశంలో దీనికి కారణం ద్వేషం కాదు. యూదులు తక్కువ సంఖ్యలో దేశదేశాలకు చెదిరిపోయిన జాతి. పరాయి నేల మీద తమ పిల్లలు తమ పిల్లలుగానే మిగలాలంటే వంటింటికి గోడ కట్టుకోవలసి వచ్చింది. ఇస్లాం అన్ని జాతులలోకి వ్యాపించిన మతం. నిషేధాలను కొద్దిలో ఉంచి మిగిలినదంతా అనుమతించడం దానికి అవసరమైంది.

ఈ నియమాలన్నీ ఆరోగ్యం కోసం పెట్టినవేనని మనలో చాలామంది చెబుతుంటారు. 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న యూదు పండితుడు, వైద్యుడు మైమోనిడీస్ కూడా పంది మురికిది కనుక నిషేధించారని వ్రాశాడు. నాకు ఈ వాదం నచ్చదు. రొయ్య, ఒంటె ఆరోగ్యానికి చెరుపు అని ఎవరనగలరు? లేవీయకాండము తానే చెప్పే కారణం పవిత్రత, ప్రత్యేకత. దాన్ని అలాగే తీసుకోవడం మర్యాద. ఇంత కఠినమైన ఈ రెండు శాస్త్రాలూ ఒకచోట పూర్తిగా మెత్తబడతాయని కూడా గమనించండి. ఆకలితో ప్రాణం పోతున్నప్పుడు నిషిద్ధమైనది తిన్నా దోషం లేదని ఖురాన్ 2వ అధ్యాయం చెబుతుంది. ప్రాణం కాపాడడం ముందు మిగతా నియమాలు ఆగుతాయని యూదు ధర్మవేత్తలు కూడా చెప్పారు.

ఇంత విడిగా నడిచే ఈ ఇద్దరూ ఈ మధ్య ఐరోపాలో ఒకే కోర్టు మెట్లెక్కారు. జంతువును ముందుగా స్పృహ తప్పించి ఆ తరువాతే కోయాలని బెల్జియంలో రెండు ప్రాంతాలు, ఫ్లాండర్స్, వలోనియా, చేసిన చట్టాలు 2019లో అమలులోకి వచ్చాయి. యూదు ధర్మవేత్తలు దీనికి ఒప్పుకోరు. ముస్లిం పండితులలో కొందరు, జంతువు చావకుండా మళ్ళీ తెలివి వచ్చే విధంగా చేస్తే ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఇరువురి సంఘాలూ ఆ చట్టాల మీద పోరాడాయి. 2020 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం, 2024 ఫిబ్రవరిలో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం చట్టాల పక్షానే తీర్పు ఇచ్చాయి. జంతువు బాధ తగ్గించాలన్న వాదం చిన్నది కాదు. దాన్ని కొట్టిపారవేయలేం. అయితే 1933లో జర్మనీలో నాజీలు అధికారానికి వచ్చిన కొద్ది నెలలలోనే ఇటువంటి నిషేధం పెట్టారని యూదులు మరచిపోలేదు. అందుచేత ఆ చట్టం వారి చెవికి వేరుగా వినిపిస్తుంది.

మన దేశంలో యూదులు కొద్దిమందే. తెలుగు మాట్లాడే యూదు సమాజం ఒకటి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉంది. వారిని బెనె ఎఫ్రాయిం అంటారు. కలకత్తాలో ఒకప్పుడు బాగ్దాదు నుండి వచ్చిన యూదు వర్తకులు వేలల్లో ఉండేవారు. వారి ఇళ్ళలో వంటవారు చాలావరకు ముస్లింలే. మాంసం గిన్నె ఏది, పాల గిన్నె ఏది, ఉప్పు ఎంతసేపు పట్టించాలి అన్నది ఆ వంటవారికి కంఠతా వచ్చు. యూదు కుటుంబాలు చాలావరకు ఇజ్రాయెల్‌కు, ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయాయి. న్యూ మార్కెట్టులో 1902 నాటి నాహూం బేకరీ ఇంకా నడుస్తోంది. యూదు బాలికల పాఠశాలలో ఇప్పుడు చదివేవారు ఎక్కువగా ముస్లిం ఆడపిల్లలు. సినగాగుల తాళాలు తీసి, దీపాలు తుడిచి, వచ్చినవారికి లోపల చూపించేది కూడా తరాలుగా అక్కడ పనిచేస్తున్న ముస్లిం కుటుంబాలవారే.