రంగు పిడియే రక్ష కాదు

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1902వ సంవత్సరమున శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు సుమారు 90 మైళ్ల దూరము తీగెలమీదుగా విద్యుత్తు వచ్చినది. ఆ గనులలో చెమటోడ్చినవారిలో మన తెలుగువారును గలరు. నాడు గని యంత్రములకై వచ్చిన ఆ శక్తి నేడు మన వంటయింటి గోడలోనే యున్నది. స్విచ్చి చెడినను, ఫ్యూజు పోయినను, కటింగ్ ప్లేయరు చేతబట్టి ముందునకు వచ్చు కుఱ్ఱవాడు ప్రతి వీధిలోను గలడు. అతని చేతిలోని పనిముట్టును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ప్లేయరు పిడికి ఎఱ్ఱని ప్లాస్టిక్కు తొడుగు కనబడినంతనే దానితో షాకు తగులదని మనలో పలువురు నమ్ముదురు. ఆ నమ్మకమే అపాయము. సాధారణపు పనిముట్లకు గల తొడుగు చాలవరకు చేతికి పట్టు చిక్కుటకు వేసినది. కరెంటును ఆపుటకు పరీక్షించినది కాదు. స్క్రూడ్రైవరు సంగతియు అంతే. పిడి మంచిదైనను ఇనుప కాడ బోడిగా నుండును. వ్రేలు జారి కాడను తాకిన చాలును, పిడి యెంత మంచిదైనను కాపాడజాలదు.

నిజమైన రక్షణగల పనిముట్టును గుర్తించుట కష్టము కాదు. ఐ.ఇ.సి. 60900 అను అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి చేసిన దానిపై, ఒకదానిపై నొకటి పడిన రెండు త్రికోణముల గుర్తును, 1000 వోల్టుల అంకెయు ఉండును. అట్టిదానిని 10,000 వోల్టులతో పరీక్షింతురు. స్క్రూడ్రైవరు కాడకు మొన దాపువరకు తొడుగుండును. ప్లేయరు పిడికి చేయి ముందునకు జారకుండ అడ్డు ఉండును. కొన్నిటికి రెండు రంగుల పొరలుండును. పైపొర తెగి లోపలి రంగు కనబడినచో ఆ పనిముట్టును పారవేయవలసినదే. టేపు చుట్టి మరల వాడరాదు.

ఇంత జాగ్రత్త యేల యందురేమో. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు దేహమున పారిన చాలును, కండరములు బిగిసి, పట్టిన తీగెను విడువలేకపోవచ్చును. 60 వాట్ల బల్బులో పారునది దానికి సుమారు 26 రెట్లు. తడి చేతులును, చెప్పులు లేని కాళ్లును తోడైనచో చెప్పవలసిన పనియే లేదు.

అయినను మంచి పనిముట్టు కడపటి రక్షయే కాని మొదటి రక్ష కాదు. మొదట మెయిన్ స్విచ్చి ఆపవలయును. మరెవ్వరును దానిని వేయకుండ ఒకరిని కాపుంచవలయును. టెస్టరు వెలుగలేదని కరెంటు లేదనుకొనరాదు. కరెంటున్నదని తెలిసిన చోట దానిని ముందుగా పరీక్షించి చూడవలయును. వీధిలోని 11,000 వోల్టుల లైను జోలికి ఈ పనిముట్లతో ఎన్నడును పోరాదు. ఎవరికైన షాకు తగిలినచో వట్టి చేతులతో పట్టి లాగక, ముందు మెయిన్ స్విచ్చి ఆపుడు.

ఈ పనిముట్లతో వచ్చు సూచనాపత్రములలో తెలుగు సాధారణముగా కానరాదు. కావున చదువగలిగినవారు వానిని చదివి, పనిచేయు బిడ్డలకు ఇంటిభాషలో విప్పి చెప్పవలయును. పండుగకు కొత్తబట్టలు కొనిపెట్టు తల్లిదండ్రులు, కరెంటు పనికి పోవు కుమారునకు ఆ రెండు త్రికోణముల గుర్తుగల ప్లేయరొకటి, స్క్రూడ్రైవరొకటి కొనిపెట్టుడని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాము.