ఏది ముందు అయిపోతుంది? మూడు బెలూన్లు, మన వేంపల్లె రాయి

ఈ రోజు టాపిక్ లిమిటింగ్ రియాక్టెంట్. ఇంటర్ ఫస్ట్ ఇయర్ వాళ్లు, ఈఏపీసెట్‌కి చదివేవాళ్లు కొంచెం జాగ్రత్తగా వినండి. ఫార్ములా బట్టీ పడితే ఇది అర్థం కాదు, కళ్లతో చూడాల.

ముందు ఒక లెక్క. హోటల్లో 10 ప్లేట్లకు సరిపడా ఉగ్గాని ఉంది, బజ్జీలు 12 ఉన్నాయి. ప్లేటుకు రెండు బజ్జీలు. ఎన్ని ప్లేట్లు అమ్మొచ్చు? ఆరే. బజ్జీల నంబర్ పెద్దదే, అయినా ముందు అయిపోయేవి అవే. లిమిటింగ్ రియాక్టెంట్ అంటే ఇంతే. ఏది తక్కువ ఉంది అని కాదు, ఏది ముందు అయిపోతుంది అని అడగాల.

ఇప్పుడు ప్రయోగం. ఖాళీ లీటరు వాటర్ బాటిళ్లు మూడు తీసుకోండి. ఒక్కోదాంట్లో 60 మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. లేబుల్ మీద 5 శాతం ఆమ్లం అని ఉండాల. 4 శాతం ఉంటే 75 మిల్లీలీటర్లు పోయండి. రెండిట్లోనూ అసిటిక్ ఆమ్లం 3 గ్రాములే, అంటే 0.05 మోల్.

మూడు బెలూన్లలో వంట సోడా వేయండి: 2.1, 4.2, 8.4 గ్రాములు. చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు. బేకింగ్ పౌడర్ వేరే, అది వద్దు. బెలూన్లను బాటిల్ మూతులకు గట్టిగా తగిలించి, పైకెత్తి సోడా లోపలికి వదలండి. మూత మాత్రం బిగించొద్దు, బాటిల్ పగలొచ్చు.

బుస్సుమని కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండో బెలూన్ మొదటిదానికన్నా బాగా పెద్దది. మరి మూడోది? సోడా డబుల్ వేసినా దాదాపు రెండోదంతే! లెక్క ప్రకారం రెండిట్లోనూ సుమారు 1.2 లీటర్ల గ్యాస్ రావాల. కొంచెం నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి చూసేదానికి కాస్త తక్కువే ఉంటుంది.

ఎందుకిట్ల? ఒక మోల్ సోడా 84 గ్రాములు, ఒక మోల్ ఆమ్లం 60 గ్రాములు. ఒకటికి ఒకటి కలుస్తాయి. 4.2 గ్రాముల సోడాకి 3 గ్రాముల ఆమ్లం సరిగ్గా సరిపోతుంది. మొదటి బాటిల్లో సోడా అయిపోయింది, మూడోదాంట్లో ఆమ్లం అయిపోయింది. నమ్మకం లేదా? బెలూన్లు తీసి, మూడోదాంట్లో ఇంకొంచెం వెనిగర్ పోయండి, మళ్లీ పొంగుతుంది. మొదటిదాంట్లో చిటికెడు సోడా వేయండి, అదీ పొంగుతుంది.

ఇదంతా పరీక్ష కోసమేనా? కాదు. మన ఊరి పేరుతోనే జియాలజీలో 'వేంపల్లె ఫార్మేషన్' ఉంది. అందులో డోలమైట్ రాయి ఎక్కువ. పక్కనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం ఉండేది ఆ రాయిలోనే. టన్ను ఖనిజంలో అర కిలో కూడా ఉండదు. జార్ఖండ్‌లోని జాదుగూడలో అయితే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో యురేనియం తీస్తారు. ఇక్కడ అదే ఆమ్లం పోస్తే? 80 కిలోల డోలమైట్ పొడి ఒక్కటే సుమారు 85 కిలోల ఆమ్లాన్ని తాగేసి, కార్బన్ డయాక్సైడ్‌గా బుస్సుమంటుంది. యురేనియం దాకా వచ్చేలోపే ఆమ్లం అయిపోతుంది, ఖర్చు కొండెక్కుతుంది. అందుకే తుమ్మలపల్లె ప్లాంటులో ఆమ్లం కాకుండా సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ ద్రావణం వాడి, వేడి, పీడనంతో తీసే పద్ధతి పెట్టారు. సోడియం బైకార్బొనేట్ అంటే ఏంది? ఇప్పుడు మనం బెలూన్‌లో వేసిన వంట సోడానే!

చివరగా మీకో లెక్క. 6.3 గ్రాముల సోడా, 5 శాతం వెనిగర్ 120 మిల్లీలీటర్లు. ఏది ముందు అయిపోతుంది? గ్రాములు చూసి చెప్పొద్దు, మోల్స్‌లోకి మార్చి చెప్పండి. తర్వాత బెలూన్ పెట్టి మీరే సరిచూసుకోండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.