తీరిక వేళ నడక - రక్తనాళముల ఆరోగ్యము

(తిరువూరులో పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



పంచాయతీ సమావేశములలో మంచినీరు, మురుగు కాలువలు, వీధిదీపములు చర్చకు వచ్చును గాని, గుండెకు రక్తము కొనిపోవు నాళముల మాట రాదు. అది డాక్టరుగారి పని యని మన భావన. ఆ మాటనే నేడు మీ యెదుట పెట్టుటకు కారణము కలదు. 2003-04 సంవత్సరములలో మన పొరుగుననున్న ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక యేడాదిలో జరిగిన మరణములను, కుటుంబీకులను విచారించి, కారణములతో సహా లెక్క కట్టినారు. మొత్తము 1,354 మరణములు. అందు నూటికి 32 గుండెకును, రక్తనాళములకును సంబంధించిన జబ్బుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగిన మరణములు ఇందులో సగమైనను లేవు. ఇవి పట్టణవాసుల జబ్బులు, కలిగినవారి జబ్బులు అను మాట ఆ లెక్కతో చెల్లిపోయినది.

మడికి నీరు పారించు రబ్బరు గొట్టమును చూడుడు. క్రొత్తలో మెత్తగా నుండి, ఎండకు వానకు పెళుసెక్కును. మన ధమనులును అట్టివే. గుండె కొట్టుకొన్నప్పుడెల్ల అవి కొంచెము సాగి, మరల యథాస్థితికి రావలెను. వయస్సుతో అవి బిరుసెక్కినచో గుండెకు శ్రమ హెచ్చును, రక్తపు పోటు పెరుగును. లోపల కొవ్వు పేరుకొన్నచో దారి యిరుకగును.

అయితే గొట్టమునకు లేని గుణ మొకటి ధమనికి కలదు. దాని లోపలి పొర ప్రాణముగల పొర. మనము వడిగా నడచునప్పుడు రక్తప్రవాహము హెచ్చి ఆ పొరను రాచుకొనుచు పోవును. ఆ ఒరపిడికి అది నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును పుట్టించును. దానిచే నాళము సడలి వెడల్పగును. శరీరములో ఈ వాయువు చేయు పనిని కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమాన మిచ్చినారు. నిత్యము నడచువానికి ఈ పొర నిత్యము సాధకములో నుండును. అమెరికాలోని కొలరాడోలో, కూర్చుని కాలము గడపు నడివయస్సు పురుషులచే మూడు నెలలపాటు ముఖ్యముగా నడక వ్యాయామము చేయించి చూడగా, వారి మెడ ధమని సాగు గుణము సుమారు నాలుగవవంతు మెరుగైనది. ఆ ఫలితము 2000లో ప్రచురింపబడినది. నలుబది, ఏబది యేండ్లు దాటినవారు ఇక లాభము లేదని నిరాశ చెంద నక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

ఈ విచారణకు మొదటి బాట వేసినది లండను బస్సులు. రెండంతస్తుల బస్సులో దినమెల్ల మెట్లెక్కి దిగు కండక్టర్లకంటె, కూర్చుని నడపు డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చని జెరెమీ మారిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించినాడు. డ్రైవర్ల దుస్తుల నడుము కొలతలు మొదటినుండియు పెద్దవని తరువాత ఆయనయే చూపినాడు. కావున నడకయొక్కటే కారణమని చెప్పుట తొందరపాటు. అయినను తరువాతి పరిశోధనలు అనేకము ఆ బాటనే నడచినవి.

"పొలములో చెమటోడ్చువానికి మరల వ్యాయామ మెందుకయ్యా?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పత్తి తీయు దినములలో కూలికి పోవు సోదరిని సాయంకాలము నడువుమని చెప్పుటకు నాకు నోరు రాదు. ఆమెకు కావలసినది విశ్రాంతి. కాని దుక్కి ట్రాక్టరుకు, కోత యంత్రమునకు పోయినది. పొలమునకు పోవుట మోటారు సైకిలుపైన. మామిడి తోటలకు కాపలా కాయువాడు, దుకాణదారుడు, ఆటో నడపువాడు, మనవంటి ఉద్యోగులు దినములో ఎంత నడచుచున్నారు? మరియొక సంగతి. కోపెన్‌హేగన్‌లో లక్షమందికి పైబడిన పెద్దలను పరిశీలించి 2021లో ప్రకటించినదాని ప్రకారము, తీరిక వేళ వ్యాయామము చేయువారిలో గుండెజబ్బులు తక్కువ. ఉద్యోగములో బరువు పని చేయువారిలో హెచ్చు. గంటలకొలది బరువులెత్తుట, మధ్య విశ్రాంతి లేకుండుట యిందుకు కారణములని వారి ఊహ. డెన్మార్కు కార్మికుడును తిరువూరు రైతుకూలియు ఒకటి కారు గాని, శ్రమయంతయు వ్యాయామము కాదని మాత్రము గ్రహింపవచ్చును.

ఎంత నడువవలెను? వారమునకు కనీసము 150 నిమిషములని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అనగా వారములో అయిదు దినములు అరగంట చొప్పున. మాటలాడగలిగియు పాట పాడలేనంత వడి చాలును. చుట్ట, బీడీ కాల్చుచు నడచిన ప్రయోజనము లేదు. పొగ ఆ లోపలి పొరనే చెరచును. నడచునప్పుడు రొమ్ములో బరువు, ఆయాసము, ఎడమచేతి లాగుడు కలిగినవారు వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. పోటు మందు వాడువారు నడుచుచున్నామని మాత్రలు మానరాదు.

ఇక మీ చేతిలోని పని. స్త్రీలకు తెల్లవారుజామున నడుచుటకు చోటు లేదు. లారీలు పోవు రోడ్డు ప్రక్కన నడువుమనుట ప్రమాదము. చెరువుకట్టపై ముండ్లకంపలు కొట్టించి, రెండు దీపములు వేయించిన చాలును. బడి ఆటస్థలములో ట్రాక్టరు తొట్లు, ఇటుకల కుప్పలు ఉన్నచో తీయింపుడు. ముప్పది యేండ్లు దాటినవారందరికి యేడాదికొకసారి రక్తపు పోటు చూడవలసినదిగా ఆరోగ్య కార్యకర్తలను కోరి, ఎంతమందిని చూచినది తదుపరి సమావేశములో అడుగుడు.