మందుల దుకాణాల్లో టీకాలు – మన వైఖరి
(ప్రతినిధుల సమావేశంలో ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగపాఠం)



మందుల దుకాణాలలో టీకాలు వేయుటకు అనుమతించవలెనా అన్న ప్రశ్న మన సభ్యులకు దూరమైనది కాదు. ఇంటింటికీ ఉత్తరాలు అందించే పోస్ట్‌మన్‌కు కుక్కకాటు వృత్తిలో భాగమైపోయింది. పట్టాలపై పనిచేసే గ్యాంగ్‌మన్‌కు ఇనుము గీసుకొనని వారం ఉండదు. ఒకరికి రేబిస్ టీకా, మరొకరికి ధనుర్వాతపు టీకా సకాలంలో అందవలెను. రేబిస్ లక్షణాలు బయటపడిన పిదప మనిషి దక్కుట దాదాపు అసంభవం.

రేబిస్ టీకాను కండరానికి ఇచ్చినచో కాటు తరువాత మొదటి రోజున, ఆపై 3, 7, 14, 28 రోజులకు వేయించుకొనవలెను. అనగా అయిదు పర్యాయాలు వెళ్ళవలెను. రైల్వే ఆసుపత్రి డివిజను కేంద్రంలో ఉంటుంది. గేట్‌మన్ ఎక్కడో వాగు ప్రక్కన ఉంటాడు. గ్రామీణ డాక్ సేవకులకైతే సి.జి.హెచ్.ఎస్. సౌకర్యమే వర్తించదు. వీరందరికీ అందుబాటులో ఉన్నది ఊరి మందుల దుకాణమే.

ఇతర దేశాలు ఈ మార్గం త్రొక్కినవి. అమెరికాలో 2009 నాటికి యాభై రాష్ట్రాలూ ఫార్మసిస్టులు టీకాలు వేయుటకు అనుమతించినవి. ఇంగ్లండులో 2015 నుండి ప్రభుత్వ ఆరోగ్యసేవ తరఫున దుకాణాలలో ఫ్లూ టీకా వేయుచున్నారు. అర్హులైన వారివద్ద పైసా తీసుకొనరు, దుకాణానికి రుసుము ప్రభుత్వమే చెల్లించును. మన దేశంలోనూ 2020 డిసెంబరులో వెలువడిన కోవిడ్ టీకాల మార్గదర్శకాలు టీకా వేయదగినవారిలో ఫార్మసిస్టును చేర్చినవి. కనుక ఆ చేతులకు సామర్థ్యం లేదన్న వాదన నిలువదు.

అయితే మాకు శంకలు లేకపోలేదు. టీకాను 2 నుండి 8 డిగ్రీల మధ్య నిలువ చేయవలెను. నేడు జరుగుచున్నదేమి? రోగి దుకాణంలో సీసా కొని, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, మే నెల ఎండలో డాక్టరు కోసం వెదకుచున్నాడు. చల్లగా ఉండవలెనని మంచుగడ్డల నడుమ పెట్టిన మరీ ప్రమాదం; ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు గడ్డకట్టినచో శక్తిని కోల్పోవును. తిరిగి కరిగిన పిదప చూపుకు తేడా తెలియదు. కొన్నచోటనే వేయించుకొనుటలోని అసలు మేలు ఇదే: సీసా శీతలపెట్టె నుండి నేరుగా సిరంజిలోనికి వచ్చును. కాని ఆ పెట్టెలో ఉష్ణమాపకం ఉన్నదా? కరెంటు పోయినప్పుడు ఏమి చేయుదురు? ఈ ప్రశ్నలకు సమాధానం లేని దుకాణానికి అనుమతి ఉండరాదు.

ఇంకొక మాట. గోడకు వ్రేలాడే సర్టిఫికెట్టు ఒకరిది, బల్ల వెనుక నిలిచినది మరొకరు – ఈ వ్యవహారం మనమందరం ఎరిగినదే. సూది పట్టే చేయి సర్టిఫికెట్టు గల చేయే కావలెను. టీకా వేసిన పిదప కొంతసేపు కూర్చుండబెట్టుటకు చోటు, తీవ్రమైన అలెర్జీ వచ్చినచో ఇచ్చుటకు అడ్రినలిన్ ఉండవలెను. రక్తం వచ్చిన కుక్కకాటుకు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించవలసి ఉండును. అది ఆసుపత్రి పని. దుకాణదారు ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగించి వెంటనే పంపివేయవలెను.

దుకాణంలో టీకా దొరకుచున్నదన్న నెపంతో రైల్వే హెల్త్ యూనిట్లను మూసివేయుటకు, ఖాళీలను నింపకుండుటకు మేము సమ్మతించము. ఆ యూనిట్లలోని ఫార్మసిస్టులు మన సహోద్యోగులే. శిక్షణ ముందుగా వారికే ఇవ్వవలెను. విధినిర్వహణలో కలిగిన గాయానికి టీకా ఖర్చు యాజమాన్యానిదే. టీకా రోజులు డ్యూటీగానే పరిగణించవలెను. గ్రామీణ డాక్ సేవకులకు కూడా ఇవి వర్తించవలెను.

ఈ ఏడాది మీ పరిధిలో ఎందరికి కుక్క కరచినది, ఎంత దూరం పోయి టీకా వేయించుకొన్నారు, చేతినుండి ఎంత ఖర్చుపెట్టినారు అన్న వివరాలను ప్రతి శాఖా కార్యదర్శి వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందే ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలెనని కోరుచున్నాము. రశీదులు ఉన్నచో నకళ్ళు జతపరచవలెను.