గూఢచారి సినిమాలకు మనం వేసే మార్కులు

(నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవలసిన తరగతిలో జేమ్స్ బాండ్ సినిమాల ముచ్చట ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సినిమాలంటే మనం సాధారణంగా అశ్లీల పోస్టర్ల దగ్గరే మాట్లాడి ఆగిపోతాం. కానీ మన ఇళ్ళల్లో పిల్లలు ఈ సినిమాల్ని ఫోన్లలో వరసపెట్టి చూస్తున్నారు. చూసి ఏది మొదటిది, ఏది కడపటిదని వాదించుకుంటున్నారు. ఏ హీరో దమ్మున్నవాడు, ఏ కారు బాగుంది, ఏ విలన్ గట్టివాడు అని మార్కులు వేస్తున్నారు. ఆ లెక్కలో ఆడవాళ్ళూ ఉంటారు, కాకపోతే ఎవరు ఎక్కువ అందగత్తె అన్న వరసలో ఉంటారు. నేనూ అవే సినిమాల్ని ఈ మధ్య మళ్ళీ చూశాను. చూసి వేరే లెక్కన మార్కులు వేశాను. ఆ లెక్క ఏమిటో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు కొంచెం చరిత్ర. జేమ్స్ బాండ్ మొదటి సినిమా 'డాక్టర్ నో' 1962లో వచ్చింది. 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై'తో అదే నిర్మాణ సంస్థ తీసినవి 25 అయ్యాయి. ఆ గాలి మన దగ్గరికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1966లో డూండీ నిర్మించగా, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో కృష్ణ 'గూఢచారి 116' చేశారు. ఆ దెబ్బతో ఆయన ఆంధ్రా జేమ్స్ బాండ్ అయ్యారు. ఆ సినిమానే మరుసటి సంవత్సరం హిందీలో 'ఫర్జ్'గా తీశారు. తర్వాత కృష్ణవే 'జేమ్స్ బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981), 'గూఢచారి 117' (1989) వచ్చాయి. 1983లో చిరంజీవి 'గూఢచారి నెం. 1' చేశారు. 2018లో అడివి శేష్ నటించిన 'గూఢచారి'లో హీరోకు మళ్ళీ అదే 116 అంకె ఇచ్చారు. అంటే అరవై ఏళ్ళుగా తాత చూసిన కథనే మనవడూ చూస్తున్నాడన్నమాట.

ఇంత కాలంగా సాగుతున్న ఈ కథల్ని కొలవడానికి మనకు కొలబద్ద కావాలి. దాని కోసం లండన్ దాకా పోనక్కరలేదు. రహస్యంగా పనిచేయడం, మారుపేరుతో బతకడం, శత్రువు కన్నుగప్పి కబురు చేరవేయడం అనే పనులు ఈ నల్గొండ గడ్డ మీద ఆడవాళ్ళు నిజంగా చేశారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు ఉత్తరాలు మోసినవాళ్ళలో, అన్నం చేరవేసినవాళ్ళలో, పోలీసులు వస్తున్నారని ముందే కబురు పెట్టినవాళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళో! పట్నాల్లో రహస్యంగా నడిపిన ఇళ్ళను డెన్‌లు అనేవాళ్ళు. ఇరుగుపొరుగుకు అది మామూలు సంసారంలాగా కనిపించాలి గనుక, అక్కడ ఆడవాళ్ళు ఎవరికో భార్యగా, ఎవరికో అక్కగా మారుపేర్లతో ఉండేవాళ్ళు. వండిపెట్టేవాళ్ళూ వాళ్ళే, కాపలా కాసేవాళ్ళూ వాళ్ళే. కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం రాజక్క అన్న పేరుతో రహస్య జీవితం గడిపింది. ఆమె తలమీద ప్రభుత్వం పదివేల రూపాయల వెల పెట్టింది. అదే స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్ళింది. 2022 మార్చిలో కన్నుమూసింది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఇలాంటి ఆడవాళ్ళు తమ జీవితాల్ని తామే చెప్పారు. వాళ్ళ మాటల్లో ధైర్యం ఎంత ఉందో బాధా అంతే ఉంది. పోరాటం విరమించాక ఇళ్ళకు పోయి సంసారాలు చక్కబెట్టుకోమన్నారని, తాము నేర్చినదీ చేసినదీ ఎవరికీ పట్టలేదని చెప్పుకున్నారు. ఆ బాధ నుంచే నా మూడు ప్రశ్నలు పుట్టాయి. ఒకటి: ఈ కథలో ఆడదానికి ఏం తెలుసు, ఆ తెలివి కథకు అక్కరకొచ్చిందా? రెండు: ఆమె వద్దన్నప్పుడు ఏం జరిగింది? మూడు: పని అయిపోయాక ఆమె ఏమైంది? ఈ మూడు ప్రశ్నలతో ఇప్పుడు అన్నిటికంటె కింది మెట్టు నుంచి పైకి వెళ్దాం.

ఏడో మెట్టు, అంటే అట్టడుగున, 2012లో వచ్చిన 'స్కైఫాల్'. ఇదేమిటి, చాలా గొప్ప సినిమా అన్నారే అంటారు. నిజమే, తీయడం గొప్పగానే తీశారు. అందులో సెవరిన్ అనే అమ్మాయి ఉంది. చిన్నప్పుడే ఆమెను వ్యభిచార గృహంలో పెట్టారని, అక్కడి నుంచి విలన్ తీసుకుపోయాడని బాండే గ్రహిస్తాడు. ఆమె భయంతో వణుకుతూ ఉంటుంది. ఆ రాత్రే అతను చెప్పాపెట్టకుండా ఆమె స్నానం చేస్తున్న చోటికి వెళ్తాడు. మర్నాడు విలన్ ఆమె తలమీద విస్కీ గ్లాసు పెట్టి, గురి చూసే ఆటాడి ఆమెను చంపేస్తాడు. బాండ్ నోట వచ్చే మాట మంచి విస్కీ వృథా అయిందని. సినిమా హాల్లో దీనికి నవ్వుతారు. 2018లో యాదగిరిగుట్టలో పోలీసులు వ్యభిచార గృహాల నుంచి చిన్న చిన్న ఆడపిల్లల్ని విడిపించిన సంగతి మనకు తెలుసు. పాలమూరు పల్లెల్లో జోగిని పేరుతో ఆడపిల్లల్ని ఊరికి వదిలేసే దురాచారాన్ని ఆపడానికి 1988లో చట్టం రావలసి వచ్చిందీ తెలుసు. ఆ పిల్లల మధ్య పనిచేసిన మనకు ఆ నవ్వు రాదు. మూడు ప్రశ్నలకూ ఈ సినిమాకు సున్నాలే.

ఆరో మెట్టు మీద రెండు పాత సినిమాలు, 'గోల్డ్‌ఫింగర్' (1964), 'థండర్‌బాల్' (1965). మొదటిదాంట్లో విమానాలు నడిపే దళానికి నాయకురాలైన స్త్రీ ఉంది. ఆమె బాండును వద్దంటుంది, నెట్టేస్తుంది, పెనుగులాడుతుంది. గడ్డివామి కొట్టంలో అతను బలవంతం చేస్తాడు. ఆ తర్వాత ఆమె మనసు మారి మంచి పక్షానికి వచ్చేస్తుంది. అంటే బలవంతం చేస్తే బుద్ధి వస్తుందని పాఠం. రెండోదాంట్లో వైద్యశాలలో పనిచేసే అమ్మాయి, రోగికి జరిగిన ప్రమాదం పైవాళ్ళకు తెలిస్తే ఉద్యోగం పోతుందని భయపడుతుంది. నోరు మూసుకుని ఉండాలంటే దానికో ధర ఉంటుందని బాండ్ సూచిస్తాడు. దీన్ని సరసమన్నారు. పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి 1997లో విశాఖ కేసు తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటె చిన్న చోట్ల పనిచేసేవాళ్ళ కోసం, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం జిల్లాకొక కమిటీ ఉండాలి. మీమీ జిల్లాల్లో ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కుని మళ్ళీ తరగతికి రండి.

ఐదో మెట్టు 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' (1967). ఇందులో బాండ్ జపాను పల్లెలో కలిసిపోవడానికి ఒక అమ్మాయితో ఉత్తుత్తి పెళ్ళి చేసుకుంటాడు. ఆమె కూడా రహస్య ఉద్యోగే. అతనితో కొండెక్కుతుంది, సాయం కోసం సముద్రం ఈదుతుంది. అయినా సినిమా మొత్తంలో ఒక్కరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. పేర్లు వేసేటప్పుడు తప్ప ఆ పేరు ఎక్కడా రాదు. ఇది చూస్తుంటే నాకు మన డెన్‌లలో ఉన్న ఆడవాళ్ళే మనసులో మెదిలారు. వాళ్ళూ ఉత్తుత్తి సంసారాలు చేశారు, వాళ్ళ పేర్లూ చాలా వరకు మనకు తెలియవు.

నాలుగో మెట్టు మన సినిమాలకిచ్చాను. 'గూఢచారి 116'లో కథానాయిక తండ్రి మీదే అనుమానం. అందుకని ప్రేమా, దర్యాప్తూ ఒకే ఇంట్లో నడుస్తాయి. తన ఇంట్లో ఏం జరుగుతున్నదో ఆమెకే తెలియదు. ఆ పాత్ర వేసిన జయలలిత 1991లో తమిళనాడు ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రాన్ని నడిపిన ఆమెకు సినిమాలో సొంత ఇంటి సంగతి తెలియనివ్వలేదు. ఇక 2018 నాటి 'గూఢచారి'లో కాలం మారింది. ఇందులో శోభిత ధూళిపాళ వేసిన పాత్రే హీరోను కనిపెట్టి ఉండడానికి వచ్చిన ఉద్యోగి. పని తెలిసిన మనిషి. మొదటి ప్రశ్నకు మంచి మార్కులే. కానీ సగంలోనే ఆమెను చంపేస్తారు. ఆమె చావు హీరో కోపానికి కారణంగా మాత్రం పనికొస్తుంది.

ఇక్కడే ఒక మాట. ఆ కాలపు మన సినిమాల్లో గూఢచారి అయినా కాలేజీ కుర్రాడైనా అమ్మాయి వెంటపడి, దారి కాచి, పాట పాడాల్సిందే. శత్రువు వెంట పడటానికీ అమ్మాయి వెంట పడటానికీ తేడా లేకుండా చూపించారు. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన స్త్రీ వెంట పదే పదే పడటం, ఆమె ఫోను, ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం 2013 నుంచి నేరం. అప్పట్లో అది శిక్షాస్మృతిలో 354-డి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. కాలేజీ అమ్మాయిలకు ఈ అంకె 116 కంటె బాగా గుర్తుండాలి.

మూడో మెట్టు 'ద స్పై హూ లవ్డ్ మి' (1977), 'నో టైమ్ టు డై' రెండింటికీ. మొదటిదాంట్లో అన్యా అనే సోవియట్ మేజర్ బాండుకు సరిసమానం. తన ప్రియుణ్ణి చంపినది అతనేనని తెలిసి, పని అయ్యాక నిన్ను చంపుతానని ముఖం మీదే చెప్తుంది. కడపటికి ఆమెను విలన్ ఇంట్లో బంధించి, బాండ్ చేత విడిపించి, ఆ శపథాన్ని కౌగిలింతలో కలిపేశారు. రెండోదాంట్లో నోమి అనే నల్లజాతి స్త్రీకి 007 అంకె ఇచ్చారు. అబ్బ అనుకుంటాం. కాసేపటికి ఆమే ఆ అంకెను అతనికి తిరిగి ఇచ్చేయమని అడుగుతుంది. మన పంచాయతీల్లో మహిళా సర్పంచుల కుర్చీలో భర్తలు కూర్చోవడం చూసినవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు.

రెండో మెట్టు 'కాసినో రాయల్' (2006). వెస్పర్ ప్రభుత్వ ఖజానా ఉద్యోగి. తన ప్రియుడు శత్రువుల చేతుల్లో ఉన్నాడని నమ్మి, అతని ప్రాణం కోసం డబ్బు అప్పగించి, తాను నీళ్ళలో ప్రాణం విడుస్తుంది. బాండ్ ఆ చావు కబురును తిట్టుతో కలిపి చెప్తాడు. కానీ 2008లో వచ్చిన తరువాయి భాగం చివర అసలు సంగతి బయటపడుతుంది. ఆ ప్రియుడే మోసగాడు. ప్రేమ పేరుతో రహస్యాలు తెలిసిన ఆడవాళ్ళను లోబరుచుకోవడమే అతని పని. అప్పుడతని పక్కన మరో దేశపు ఉద్యోగిని ఉంటుంది, మెడలో అలాంటి గొలుసే. బాండ్ ఆమెను హెచ్చరించి పంపించేస్తాడు. ద్రోహి అని తిట్టిన స్త్రీ మోసపోయిన స్త్రీ అని ఈ కథలు ఒప్పుకున్నది ఇక్కడే. ప్రేమ పేరుతో ఫోటోలు తీసి బెదిరించిన కేసుల్లో మనం కూడా ముందు అమ్మాయినే ఎందుకు తిడతామో ఆలోచించాలి.

మొదటి మెట్టు 'గోల్డెన్ ఐ' (1995). చాలామంది దీన్ని కారు, ట్యాంకు ఛేజుల కోసం గుర్తుపెట్టుకుంటారు. ఇందులో బాండ్ పైఅధికారి స్త్రీ. 1992లో స్టెల్లా రిమింగ్టన్ బ్రిటన్ అంతర్గత గూఢచారి శాఖకు మొదటి మహిళా అధిపతి అయ్యారు. ఆ ప్రభావం ఈ పాత్ర మీద ఉంది. ఆడవాళ్ళను చులకనగా చూసే పాతకాలపు జంతువువి నువ్వు అన్న అర్థంలో ఆమె బాండును కూర్చోబెట్టి చీవాట్లు పెడుతుంది. నేను ఎక్కువ మార్కులు వేసింది మాత్రం నటాల్యా అనే కంప్యూటరు ఉద్యోగినికి. తోటి ఉద్యోగి బూతు అర్థాల సంకేత పదాలతో ఆమెను వేధిస్తాడు, నీకేం తెలుసని ఎగతాళి చేస్తాడు. ఆఫీసు మొత్తాన్ని చంపేస్తే దాక్కుని బతుకుతుంది. రక్షణ మంత్రి అడిగితే హంతకుడైన సైన్యాధికారి పేరు చెప్తుంది. చివర ఉపగ్రహాన్ని కూల్చింది ఆమె వేళ్ళే, ఎగతాళి చేసినవాడు దాన్ని విప్పలేకపోతాడు. ఇందులోనూ చెడ్డ ఆడదాన్ని కామపిశాచిగా చూపించిన తప్పు ఉంది. అయినా సాక్షి నిలబడింది, ఆమె తెలివి పనికొచ్చింది, ఆమె బతికింది.

ఈ సినిమాలు చూడవద్దని పిల్లలకు చెప్పమని నేననడం లేదు. చెప్పినా వినరు. వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. ఆ మూడు ప్రశ్నలూ అడగండి. మగపిల్లల్ని ముందు అడగండి. వాళ్ళు వేరే మార్కులు వేస్తే వాదించండి, నా వరసే సరైనదని ఏమీ లేదు.

రెండో పని ఇంకా తొందరది. 1948లో పదహారేళ్ళ పిల్ల ఈనాడు తొంభై దాటిన ముసలమ్మ. రహస్యపు పనికి కాగితం ఉండదు, రసీదు ఉండదు. చీటీ చేర్చాక చింపేశారు, పేరు మార్చుకుని బతికారు. అప్పటి నల్గొండ జిల్లా ఇప్పుడు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ దాకా చీలిపోయింది. ఏ ఊళ్ళో ఏ అవ్వ మిగిలి ఉందో మీకే తెలుస్తుంది. అవ్వ లేకపోతే ఆమె కోడలికో మనవరాలికో విన్న మాటలు ఉంటాయి. పాలమూరు అక్కలు తమ వైపు ఊళ్ళల్లోనూ అడగండి. అసలు పేరు, మారుపేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏం మోసింది, ఆ తర్వాత ఎట్లా బతికింది అన్న నాలుగు సంగతులు రాసుకుంటే చాలు. ఒక్కొక్కరు ఒక్క పేరు తెచ్చినా మన పత్రికలో వరసగా అచ్చు వేసుకుందాం.