సర్టిఫికెట్ల గడువు, పేర్ల పట్టిక తాళము

మేడ్చల్ చేరువనున్న రావల్కోల్‌లో ఒక రైతు ఫోనులో తన బ్యాంకు పుటను తెరచినాడనుకొందము. అది ఆ బ్యాంకు పుటయేనని సాక్ష్యమిచ్చునది టీఎల్ఎస్ సర్టిఫికెట్. గడువు తీరినచో, దొంగ ఎవ్వడును లేకున్నను, బ్రౌజరు హెచ్చరించి పని నిలిపివేయును. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు బ్యాంక్.ఇన్ అను ప్రత్యేక నామమును ఏర్పరచి, రిజిస్ట్రారు బాధ్యతను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకి అప్పగించినది. పేరు అసలైనదే కావచ్చును. గడువు తీరిన సాక్షిని మాత్రము ఎవరును నమ్మరు.

2025లో జరిగిన నిర్ణయము ననుసరించి, 2029 మార్చి 15 నుండి జారీయగు సర్టిఫికెట్టునకు 47 దినములే ఆయువు. ఇన్ని మారులు చేతితో మార్చుట గుమాస్తాల తరము కాదు. అందులకే స్క్రిప్టులు.

జారీదారు ఒక గుర్తు నిచ్చును. స్క్రిప్టు దాని నుండి లెక్కించిన విలువను డీఎన్ఎస్‌లో, అనగా పేర్లకు చిరునామాలు చెప్పు పట్టికలో, టీఎక్స్‌టీ పద్దుగా వ్రాయును. జారీదారు దానిని చదివి, పేరు మన అధీనములోనిదేనని గ్రహించి సర్టిఫికెట్టు నిచ్చును. పిమ్మట స్క్రిప్టు ఆ పద్దును తుడిచివేయును. సర్వరును బయటివారికి తెరచియుంచ నక్కరలేదు.

మా భయమంతయు పట్టిక తాళమును గూర్చియే. అది స్క్రిప్టుతోపాటు దొంగ చేతబడినచో, పోవునది సర్టిఫికెట్టు కాదు, పేరే. ఉత్తరములు సైతము వాడు చూపిన చోటికే పోవును. పాలు పోయువానికి బీరువా తాళమెందుకు? ఆ ఒక్క పద్దును సీనేమ్ ద్వారా వేరొక చిన్న పట్టికకు మళ్ళించి, దాని తాళము మాత్రమే స్క్రిప్టున కీయవలెను. కొత్త సర్టిఫికెట్టు వచ్చినదో లేదో గడువుకు పది దినముల ముందే మరియొక యంత్రము చూచి చెప్పు ఏర్పాటును ఉండవలెను.